దేవుడు చెప్పాడంటే సరిపోతుందా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తాండాల నుంచి చదువుకోడానికి వచ్చిన సుగాలి పిల్లలం మేము. మాలో చాలామంది ఆదివారం మందిరానికి పోయేవాళ్లమే. ఈ మాట బయటివాళ్లుగా కాదు, ఇంటివాళ్లుగా అంటున్నాం.

మా చెల్లెలు ఒకామెకు డిగ్రీ సీటొచ్చింది. "హాస్టల్ వద్దని దేవుడు నాకు దర్శనంలో చూపించాడు" అన్నారు ఒక పాస్టర్ గారు. అంతే, ఇంట్లో చదువు మాన్పించారు. ఇప్పుడు ధర్మవరంలో పట్టు మగ్గాల దగ్గర కూలికి పోతా ఉంది. ఆమె కూడా రోజూ ప్రార్థన చేసే పిల్లే. ఆమెతో దేవుడు మాట్లాడడా?

1 సమూయేలు 3వ అధ్యాయం తీయండి. పిల్లోడు మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఏలీ యాజకుడు, పెద్దాయన. అయినా "నేను విని నీకు చెప్తా" అనలేదు. పోయి పడుకో, మళ్లీ పిలిస్తే నువ్వే పలుకు అన్నాడు. తీరా వచ్చిన మాట ఏలీ ఇంటిమీదే తీర్పు! దాన్ని కూడా దాచొద్దన్నాడు. కాపరి పని అదీ. బెరయవాళ్లు పౌలు బోధనే లేఖనాలతో సరిచూసుకున్నారు. వాక్యం వాళ్లను మెచ్చుకుంది, తప్పు పట్టలేదు.

దేవుణ్ణి నమ్మడమంటే ఆయన పేరెత్తిన ప్రతి నోటినీ నమ్మడం కాదు. ప్రార్థిద్దాం, వాక్యం చదువుదాం, పెద్దల సలహా అడుగుదాం. తీర్మానం మాత్రం మోకాళ్లమీద మనమే చేసుకుందాం.

పెద్దలారా, సీటొచ్చిన పిల్లను ఆపేముందు ఒక్కసారి అడగండి: నీకేం వినపడింది తల్లీ?