టైటాన్‌లో ఉన్నది చమురు కాదు



శని చందమామ టైటాన్ గురించి రాసేటప్పుడు ‘చమురు సముద్రాలు’ అనో, ‘భూమ్మీది నిల్వలకు వందల రెట్ల ఇంధనం’ అనో శీర్షిక పెట్టడం అలవాటైపోయింది. రెండో మాట అబద్ధం కాదు. 2008లో, శనిని పరిశీలించిన కాసినీ నౌక శాస్త్రవేత్తలు వేసిన అంచనా అదే. అయినా రెండూ పాఠకుణ్ని పక్కదారి పట్టిస్తున్నాయి. కాసినీ నౌక రాడార్‌కు 2006లో ఉత్తర ధ్రువం దగ్గర చిక్కిన సరస్సుల్లో ఉన్నది ప్రధానంగా మీథేన్, ఈథేన్. మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు నిలగట్టిన వరి మళ్లలో బుడగలుగా లేచేదీ, గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేదీ ఆ మీథేనే. సూర్యాపేట మీదుగా పోయే ట్యాంకర్లలో వంటగ్యాస్ ఒత్తిడికి ద్రవమవుతుంది. టైటాన్ మీద మీథేన్ చలికి ద్రవమైంది, మైనస్ 179 డిగ్రీల చలి మరి! లిజియా మారే అనే ఒక్క సముద్రమే మన తెలంగాణ కన్నా కాస్త పెద్దది. రాడార్ కొలిచిన మేర లోతు 160 మీటర్ల దాకా ఉంది.

ఏదైనా ఇంధనమే కదా అనవచ్చు. కిలో మీథేన్ మండాలంటే నాలుగు కిలోల ఆక్సిజన్ కావాలి. టైటాన్ గాలిలో దాదాపు 95 శాతం నైట్రోజన్, మిగతాది చాలావరకు మీథేనే. నిప్పు పెట్టినా అంటుకోదు. అక్కడ రాయిలా గట్టిపడ్డ నీటి మంచును విడగొట్టి ఆక్సిజన్ తీయొచ్చుగా అంటే, అందుకయ్యే శక్తి ఆ మీథేన్ మండితే వచ్చేదానికన్నా ఎక్కువ. పుట్టి వడ్ల కోసం పుట్టిన్నర విత్తనం చల్లినట్టు. శీర్షికలో ఆకర్షణ లేకపోతే ఎవరు చదువుతారన్నది ఇంకో వాదన. మేఘం, వాన, వాగు, చెరువు అనే గొలుసు మన రైతుకు కొట్టినపిండి. ఆ గొలుసంతా నీటిచుక్క లేకుండా నడిచే చోటు ఒకటుందంటే, గురుత్వం ఏడో వంతే కావడంతో అక్కడ చినుకు తీరిగ్గా దిగుతుందంటే చదవడా? ఎండకు మీథేన్ విరిగిపోతూనే ఉంటుంది. కోట్ల ఏళ్లలో అయిపోవాల్సింది ఇంకా ఎలా మిగిలిందో శాస్త్రం తేల్చలేదు. అసలు వార్త ఇది. దీన్ని వదిలి బంకు లెక్కలు వేయడమెందుకు?

2028లో నాసా పంపదలచిన డ్రాగన్‌ఫ్లై అనే డ్రోన్ 2034లో టైటాన్ ఇసుక దిబ్బల మీద దిగాలి. అది ఎగిరేది మీథేన్‌తో కాదు, ఇక్కడినుంచి మోసుకెళ్లే ప్లుటోనియం వేడితో పుట్టే కరెంటుతో.

– ఒక పాఠకుడు, కోదాడ