దీవుల్లో ఒంటరితనం: లెక్కల్లోకి రాని ముప్పు

అండమాన్ రాజధానిలో విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న ప్రాంతం లంబాలైన్. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న ఈ నగరం ఇప్పుడు శ్రీ విజయపురం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు. బతుకుదెరువు కోసం కుటుంబాన్ని ఊళ్లో వదిలి వచ్చినవాళ్లకు ఇల్లు చాలా దూరం. విమానం టికెట్ కొనలేకపోతే విశాఖకు రెండు మూడు రోజుల ఓడ ప్రయాణం. ఇంటి నుంచి చావుకబురు వచ్చినా ఓడ కోసం ఎదురుచూడాల్సిందే.

ఈ దూరాన్ని గుర్తుంచుకుని జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కలు చూడాలి. 2021లో ప్రతి లక్ష జనాభాకు 39.7 ఆత్మహత్యలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది అండమానే. 2022లో రేటు 42.8కి పెరిగింది. ఆ ఏడాది సిక్కిం మాత్రమే దీనికన్నా ముందుంది. జాతీయ సగటు 12.4. దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న చోట కొద్దిపాటి ఘటనలకే రేటు అటూ ఇటూ అవుతుందన్నది నిజమే. కానీ వరుసగా రెండేళ్లు సగటుకు మూడు రెట్లు దాటితే దాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం.

కారణం ఒంటరితనమేనా? ఆ మాట తేల్చి చెప్పడానికి ఆధారం లేదు. ఎన్‌సీఆర్‌బీ పట్టికలో కుటుంబ సమస్యలు, అనారోగ్యం, అప్పులు, నిరుద్యోగం ఉంటాయి. ఒంటరితనానికి గడే లేదు. దేశవ్యాప్తంగా 2022లో 31.7 శాతం ఆత్మహత్యలు కుటుంబ సమస్యల కింద, 18.4 శాతం అనారోగ్యం కింద నమోదయ్యాయి. ఆ కష్టం వచ్చినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా లేదా అన్నది ఎక్కడా నమోదు కాలేదు.

ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరితనం వేరు. ఒక్కరే ఉంటూ నలుగురితో కలిసిమెలిసి బతికేవాళ్లున్నారు. ఇంటినిండా జనమున్నా గోడు చెప్పుకోలేనివాళ్లూ ఉన్నారు. ముప్పు గదిలో ఎంతమంది ఉన్నారన్నదాంట్లో లేదు, రెండు రోజులు కనిపించకపోతే తలుపు తట్టేవాళ్లు ఉన్నారా అన్నదాంట్లో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8.71 లక్షల మరణాలకు దానితో సంబంధం ఉంది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో దీనికోసం ప్రత్యేకంగా మంత్రులనే నియమించాయి.

మన దగ్గర 2022 అక్టోబరు 10న టెలీ మానస్ మొదలైంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ రావడంతో దీవుల్లో వీడియో కాల్ కూడా తేలికైంది. ఇవి మంచి ఏర్పాట్లే. కానీ కుంగుబాటులో ఉన్న మనిషి తనంతట తాను ఫోన్ అందుకోవడమే కష్టం. అవతలి నుంచి ఒకరు కదలాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఒంటరిగా ఉంటున్న కూలీలు, వృద్ధులు ఎవరో వార్డువారీగా ఆరోగ్య సిబ్బందికి తెలిసి ఉండాలి. వారానికోసారి పలకరింపు, అవసరమైతే వారి భాషలోనే కౌన్సెలింగ్ అందాలి. పండుగలకు జనాన్ని కూడగట్టే సంఘాలు మామూలు రోజుల్లోనూ ఆ పని చేయవచ్చు. సముద్రం కలిగించిన దూరాన్ని ఎవరూ తగ్గించలేరు. పక్క గదికి ఉన్న దూరాన్ని మాత్రం తగ్గించవచ్చు.