ఇరుసు గుట్టు దాచుకోవద్దు



పోయిన ఆదివారం మన హాస్టల్ వెనక జరిగిన చెక్కబండ్ల పందెంలో గెలిచింది నా బండే. అందుకే ఈ మాట నేనే రాయాలనుకున్నాను.

ఆ రోజు ఆరో తరగతి తమ్ముడి బండి వాలుబల్ల మధ్యలోనే ఆగిపోయింది. అందరం నవ్వాం. వాడు బండిని చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు, మళ్ళీ బయటికి తేలేదు. ఆ బండి ఆగుతుందని నాకు ముందే తెలుసు. పందేనికి ముందు వాడు చక్రాల్లో కొబ్బరినూనె పోస్తుంటే చూశాను. వద్దురా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేను గెలవాలి గదా!

ఇది తప్పని నా అభిప్రాయం. ఇరుసు దగ్గర చేసే పని ఎవరూ గుట్టుగా ఉంచుకోకూడదు. పందేనికి ముందే అందరికీ నేర్పాలి.

మన బండికి ఇంజను లేదు, ఎడ్లూ లేవు. వాలు ఇచ్చిన వేగమే దాని ఆస్తి. దాన్ని దారిలో తినేసేది ముఖ్యంగా ఇరుసు దగ్గర రాపిడి. మాస్టారు పాఠంలో ఘర్షణ అని చెప్పేది ఇదే.

మన ఇరుసు అంటే మేకే. కొత్త మేకు చూడ్డానికి నున్నగానే ఉంటుంది, కానీ తల కింద గోటితో తడిమితే గరుకు తగులుతుంది. అక్కడ ముందు ఆకురాయితో రుద్ది, తర్వాత సన్న ఉప్పుకాగితంతో మెరిసేదాకా తోమాలి. మేకు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, బండి బరువుకి వంగకపోతే చాలు. చక్రం పెద్దదై మేకు సన్ననిదైతే రాపిడికి పట్టు తగ్గుతుంది. చక్రానికీ పక్క చెక్కకీ మధ్య రెండు పోస్టుకార్డుల మందం ఖాళీ ఉండాలి. మేకు వంకరగా దిగితే చక్రం చెక్కని రాసుకుంటూ పోతుంది.

ఇక నూనె సంగతి. మన తాతలు ఎడ్లబండికి ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత కూడా ఉంది. అది నిజమే. కానీ అది బస్తాలు మోసే బండి. మన బండి అరచేతిలో పట్టేది. చిక్కటి నూనె తేలిక చక్రాన్ని తిరగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పైగా మన గ్రౌండులో ఎర్రదుమ్ము నూనెకి అంటుకుని ముద్దయిపోతుంది. తమ్ముడి బండికి జరిగింది ఇదే.

చిన్న బండికి పొడి కందెన కావాలి. అది మన జామెట్రీ పెట్టెలోనే ఉంది. పెన్సిల్ ములికిలో ఉండేది సీసం కాదు, గ్రాఫైటు. దాని పొరలు ఒకదాని మీద ఒకటి సులువుగా జారతాయి. హెచ్‌బీ కన్నా 2బీ పెన్సిల్ నయం. అందులో బంకమట్టి తక్కువ, గ్రాఫైటు ఎక్కువ. ములికిని మెత్తగా గీకి, పొడిని చక్రం రంధ్రంలో వేసి, చేత్తో కాసేపు గిరగిరా తిప్పాలి. మేకు నల్లగా మెరిస్తే పని అయినట్టే. నా గుట్టు ఇంతే.

అందరికీ చెప్పేస్తే ఇంక పందెం ఏముంది అని కొందరు అన్నలు అంటున్నారు. ఎందుకుండదు? బరువు ఎక్కడ పెట్టాలి, చక్రాలు తిన్నగా ఎలా బిగించాలి అన్నది ఎవరి తెలివి వారిదే.

ఇంకో సంగతి. ఇంటి నుంచి డబ్బులు వచ్చేవాళ్ళు సైకిల్ షాపులో బేరింగులు కొని పెడుతున్నారు. అందరివల్లా అవుతుందా? అమెరికాలో కబ్ స్కౌట్ పిల్లలకి ఇలాంటి పందెమే ఉంది, పేరు పైన్‌వుడ్ డెర్బీ. 1953లో కాలిఫోర్నియాలో డాన్ మర్ఫీ అనే ఆయన మొదలుపెట్టారు. అక్కడ అందరికీ ఒకే సామాను ఇస్తారు: ఒక చెక్క దిమ్మ, నాలుగు మేకులు, నాలుగు చక్రాలు. బండి 5 ఔన్సులు, అంటే సుమారు 142 గ్రాములు దాటకూడదు. వాళ్ళు కూడా గ్రాఫైటు పొడే వాడతారు. మనకూ అలాంటి నియమం ఉంటే బాగుంటుంది.

కాబట్టి వార్డెన్ గారికి నా మనవి: పందెంలో బేరింగులు వద్దని చెప్పాలి. ఒక ఆకురాయి, నాలుగు ఉప్పుకాగితాలు ఇప్పించాలి. పెన్సిల్ ముక్కలు మేమే పోగుచేస్తాం. పందేనికి ముందు శనివారం సాయంత్రం స్టడీ అవర్ కన్నా ముందు అరగంట ఇస్తే, పెద్ద తరగతులవాళ్ళం చిన్నవాళ్ళ పక్కన కూర్చుని చేయిస్తాం.

నిన్న ఆ తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. ఇద్దరం కలిసి మేకులు ఊడదీసి, నూనె ముద్ద తుడిచి, పొడి వేశాం. చక్రం చాలాసేపు తిరిగింది. వాడు దాన్నే చూస్తూ, "ముందే ఎందుకు చెప్పలేదన్నా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

వచ్చే పందెంలో ఓడినా ఫరవాలేదు గానీ, ఆ మాట ఇంకెవరితోనూ అనిపించుకోకూడదు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి