డయాలసిస్ యంత్రం సంగతీ అడుగుదాం

ఉద్దానం కిడ్నీ రోగుల కోసం మనం నీళ్ళు అడిగాం, మందులు అడిగాం, పింఛను అడిగాం. యంత్రం గురించి అడగలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, సంతోషమే. కానీ డయాలసిస్‌లో ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో, గొట్టంలో గాలిబుడగ కనబడితే ఎప్పుడు ఆగాలో చూసుకునేది యంత్రం లోపలి సర్క్యూట్ బోర్డు. దాన్ని నడిపేది ఫర్మ్‌వేర్. అందులో తప్పు బయటపడితే కంపెనీ సరిదిద్ది కొత్తది ఎక్కించాలి. ఎక్కిస్తుండగా కరెంటు పోతే యంత్రమే మొరాయించవచ్చు.

2017లో అమెరికాలో సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు ఇలాంటి మార్పు అవసరమైంది. అందులో ఉన్న ప్రమాదాన్ని అక్కడ బహిరంగంగానే చెప్పారు. జీడిపిక్కల పనిలో కూలి వదులుకుని, టెక్కలి నుంచో కవిటి నుంచో వచ్చి నాలుగేసి గంటలు కూర్చునే ఆడమనిషికి ఆ మాట తెలియనక్కర్లేదా? రోగి భర్తే అయినా తోడు రావలసింది ఆమే. యంత్రం పాడైంది, రేపు రమ్మంటే పోయేది ఆమె కూలే.

మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి వైద్య సాఫ్ట్‌వేర్ కూడా చట్టం కిందికి వచ్చింది. కాబట్టి మరమ్మతు ఒప్పందంలోనే ఈ పని రాయించాలి. రోగి లేని వేళ, యు.పి.ఎస్. మీద ఎక్కించాలి. పరీక్షించిన తేదీ తెలుగులో యంత్రానికి అంటించాలి. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ ఒప్పందం చూపించమనండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.