దిమాగ్ తేజ్ ఉంటే చాలదు, జాగా కూడా కావాలి

మన ఇళ్లలో ల్యాప్‌టాప్ కొనడం పెళ్లి సంబంధం చూసినట్టే ఉంటుంది. మామూ ఒక మాట అంటాడు, ఖాలూ ఒక మాట అంటాడు, దుబాయ్‌లో ఉన్న భాయ్‌జాన్ ఫోన్‌లో ఇంకో మాట అంటాడు. అందరి సవాల్ మాత్రం ఒక్కటే: "ప్రాసెసర్ ఏది? ఐ5నా, ఐ7నా?" అంటే ఖాందాన్ పేరు అడుగుతున్నారన్నమాట. ఆ ఇంట్లో నలుగురు కూర్చోడానికి జాగా ఉందా అని ఎవరూ అడగరు. ఆ జాగా పేరే ర్యామ్.

నేను సాఫ్‌సాఫ్ చెప్తాను. చదువుకునే పిల్లల కోసమో, ఇంటి పని కోసమో, చిన్న దుకాణం హిసాబ్ కోసమో కంప్యూటర్ కొంటున్నారా? చేతిలో ఉన్న డబ్బుకు పై తరగతి ప్రాసెసర్ అయినా రావాలి, ఎక్కువ ర్యామ్ అయినా రావాలి, రెండూ రావు అన్నప్పుడు ర్యామే తీసుకోండి. 8 జీబీ ఉన్న ఐ7 కంటే 16 జీబీ ఉన్న ఐ5 మేలు. కొత్త తరం ఐ3 అయినా మేలే. దీనికి అడ్డం మాట్లాడేవాళ్లలో చాలామంది కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లు కాదు, కంప్యూటర్ మీద ఉన్న స్టిక్కర్ చదివేవాళ్లు.

కారణం అర్థం కావాలంటే మొహల్లాలో దర్జీ దుకాణం చూడండి. ప్రాసెసర్ అంటే దర్జీ చేతి వేగం. ర్యామ్ అంటే ఆయన ముందున్న బల్ల. డిస్క్ అంటే వెనక గదిలో ఉన్న అల్మారీ. బల్ల పెద్దదైతే షేర్వానీ గుడ్డ, లైనింగ్, కొలతల కాగితం, కత్తెర అన్నీ కళ్ల ముందే ఉంటాయి. బల్ల చిన్నదైతే ఒక గుడ్డ పరచడానికి ఇంకో గుడ్డ మడిచి అల్మారీలో పెట్టి రావాలి. దానితో పని పడితే మళ్లీ వెళ్లి తేవాలి. దర్జీ ఎంత ఉస్తాద్ అయితే ఏం లాభం? సగం రోజు తిరగడానికే సరిపోతుంది.

కంప్యూటర్‌లో జరిగేది కూడా ఇదే. ర్యామ్ నిండిపోతే విండోస్ అందులోని సామాను కొంత డిస్క్ మీదకు దించుతుంది, అవసరమైనప్పుడు మళ్లీ పైకి ఎక్కిస్తుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎస్ఎస్‌డీ నుంచి తేవాలంటే పదుల మైక్రోసెకన్లు, అంటే వందల రెట్లు ఆలస్యం. పాత హార్డ్ డిస్క్ అయితే 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, అంటే లక్ష రెట్లు. ఒకే తరం ఐ5కూ ఐ7కూ ఇంటి పనుల్లో వచ్చే తేడాను శాతాల్లో లెక్కపెడతాం. బల్లకూ అల్మారీకీ ఉన్న తేడాను వందల్లో, లక్షల్లో లెక్కపెట్టాలి. ఎక్కడ ఖర్చు పెట్టాలో మీరే చెప్పండి.

సబూత్ కావాలా? మీ ఇంట్లో హ్యాంగ్ అవుతున్న కంప్యూటర్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పిల్లలు రోజూ తెరిచేవన్నీ తెరవండి: ఆన్‌లైన్ క్లాసు, పది పదిహేను ట్యాబులు, రెండు పీడీఎఫ్‌లు, వర్డ్, వాట్సాప్. ఇప్పుడు అంకెలు చూడండి. మెమొరీ 90 శాతం దాటి, ప్రాసెసర్ 20, 30 దగ్గర తిరుగుతోందంటే దర్జీ ఖాళీగా కూర్చున్నాడు, బల్ల మీద జాగా లేదు అని అర్థం. అక్కడ ఐ7 పెట్టినా ఖాళీగా కూర్చునేవాడి జీతం పెంచినట్టే.

నా రోజీరోటీ కంప్యూటర్ మీదే. నేను పనిచేసిన డెస్క్‌లలో ఒక పక్క అను ఫాంట్లతో తెలుగు పేజీ, ఇంకో పక్క ఇన్‌పేజ్‌లో ఉర్దూ మజ్మూన్, వెనక ఫొటోషాప్‌లో నాలుగు ఫొటోలు, బ్రౌజర్‌లో ఏజెన్సీ వార్తలు. ఎడిషన్ టైమ్‌కు మెషీన్ బిగుసుకుపోయిందంటే పేజీ పెట్టే మనిషి మొదట చేసే పని తెరిచి ఉన్నవి ఒక్కొక్కటీ మూసేయడం. అంటే బల్ల ఖాళీ చేయడం. ప్రాసెసర్ ఎవరిదని ఆ టైమ్‌లో ఎవరూ అడగరు.

ఇక ఆ ఖాందాన్ సంగతి. ఐ7 అనే పేరు 2008 నుంచి ఉంది. అది ఒక్క ప్రాసెసర్ పేరు కాదు, ఏటేటా మారే తరాలన్నిటికీ పెట్టిన పేరు. 2016లో వచ్చిన ఐ7-7500యూలో ఉన్నవి రెండు కోర్లు. 2022లో వచ్చిన ఐ3-1215యూలో ఆరు కోర్లు. పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లను తుడిచి, మెరుగుపెట్టి "ఐ7 హై భాయ్, టాప్ మాల్" అని అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. ఆ 7500యూ విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో కూడా లేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఐపోయింది. తాతల జాగీర్ చెప్పుకుని బతికే నవాబుకు పిల్లనిస్తామా? కాబట్టి ప్రాసెసర్ విషయంలో అడగాల్సింది ఐ తర్వాత అంకె కాదు, ఏ తరం అని.

నాకు ఎదురొచ్చే దలీల్ ఒకటుంది, గట్టిదే. "ర్యామ్ తర్వాత వేసుకోవచ్చు, ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చలేం. కాబట్టి ఇప్పుడు ప్రాసెసర్ తీసుకో" అంటారు. వినడానికి బాగుంది. కానీ ఇప్పుడొచ్చే పల్చటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు. కొన్నరోజు ఎంత ఉందో చివరిదాకా అంతే. ఖాళీ స్లాట్ ఉందే అనుకోండి, మన ఇళ్లలో "తర్వాత" ఎప్పుడొస్తుంది? ఒక నెల ఫీజు, ఒక నెల దవాఖానా, ఆపై రమ్‌జాన్, ఆపై ఎవరిదో షాదీ. ర్యామ్ ధర కూడా ఒక్కచోట నిలిచేది కాదు. డిగ్రీ మూడేళ్లూ ఆ "తర్వాత" కోసం ఎదురుచూడటంలోనే గడిచిపోతుంది. స్లాట్ ఉంటే అదే రోజు, అదే దుకాణంలో వేయించండి. అప్పుడు ఆ దలీల్‌తో నాకు తక్రార్ లేదు.

ఇన్సాఫ్‌గా ఇంకోటి కూడా చెప్పాలి. వీడియో ఎడిటింగ్‌తో సంపాదించేవాళ్లకు, పెద్ద ప్రోగ్రాములు రాసేవాళ్లకు ప్రాసెసర్ వేగం నిజంగా కావాలి. త్రీడీ బొమ్మలు చేసేవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు కూడా కావాలి. అవసరానికి మించిన ర్యామ్ కూడా ఫిజూలే. వర్డ్‌లో ఉత్తరాలు రాయడానికి 64 జీబీ అంటే నలుగురి దావత్‌కు షాదీఖానా బుక్ చేసినట్టు. నేను చెప్పేది మామూలు ఇంటికి మామూలు కొలత: 16 జీబీ. ఏళ్ల తరబడి 8 జీబీతో మ్యాక్‌లు అమ్మిన యాపిల్ కూడా 2024 అక్టోబర్‌లో 16కు దిగొచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన కోపైలట్ ప్లస్ కంప్యూటర్లకు పెట్టిన షరతు కూడా 16 జీబీయే.

ఇంత కోపం ఎందుకంటే, ఈ ల్యాప్‌టాప్ అమ్మీ చిట్టీ ఎత్తిన డబ్బుతో వస్తుంది. గల్ఫ్‌లో అబ్బా చేసిన ఓవర్‌టైమ్‌తో వస్తుంది. అందులో పది, పదిహేను వేలు దిఖావాకు పోతే ఆ ఇంటికి అది చిన్న మొత్తం కాదు. ఇంకో మాట చెప్తే కొందరికి నచ్చదు. బేటాకు కొన్నప్పుడు స్టిక్కర్ చూసి కొత్తది కొంటారు, బేటీ వంతు వచ్చేసరికి అన్న వాడి వదిలేసింది చేతిలో పెడతారు. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో అది ఆగిపోతుంది. ప్రాక్టికల్ మధ్యలో ఆగిపోతుంది. ఖాందాన్‌లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన ఆ పిల్ల "కంప్యూటర్ నా వల్ల కాదు" అనుకుంటుంది. మెషీన్ కసూర్‌ను తన దిమాగ్ మీద వేసుకుంటుంది. ఆ పిల్లకు దిమాగ్ తక్కువ లేదు, మనం ఇచ్చిన జాగా తక్కువ. ఆ పాత ల్యాప్‌టాప్‌లోనే ఇంకో ర్యామ్ ముక్క, హార్డ్ డిస్క్ బదులు ఒక ఎస్ఎస్‌డీ వేయించి చూడండి. చదువు మధ్యలో ఆగదు.

కొత్తది కొంటుంటే దుకాణ్‌దార్‌ను నాలుగు సవాళ్లు అడగండి. ర్యామ్ ఎంత? "మెమొరీ 512 ఉంది" అంటే అది అల్మారీ, బల్ల కాదు. సోల్డర్ చేసిందా, ఖాళీ స్లాట్ ఉందా, ఎంత దాకా పెంచవచ్చు? డీడీఆర్4నా, డీడీఆర్5నా? ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. ప్రాసెసర్ ఏ తరం? జవాబులు బిల్లు మీద రాయించుకోండి. ఒకే కొలత ముక్కలు రెండు ఉంటే ఇంకా మంచిది, రెండు దార్లలో డేటా నడుస్తుంది.

మామూ, ఖాలూ ఇంట్లో చాయ్ తాగుతూ కూర్చోనీ. దుకాణానికి ఆ మెషీన్ వాడబోయే బేటీని వెంటబెట్టుకుని వెళ్లండి. తన పాఠాలు, తన ట్యాబులు అక్కడే తెరిచి చూడనివ్వండి. ఫైసలా ఆ పిల్లదే కావాలి.