పొగను ధూళి అనవచ్చునా?

చలికాలము వచ్చినదంటే మన పత్రికలలో ‘ధూళికణాలు’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ‘పార్టిక్యులేట్ మ్యాటర్’ అన్న ఇంగ్లీషు మాటకు మనము చేసికొన్న అనువాదమిది. చెవికి ఇంపుగానే ఉన్నది. పేచీ అంతా అర్థము దగ్గరనే.

లాటిన్ భాషలో ‘పార్స్’ అంటే భాగము. దాని అల్పార్థక రూపము ‘పార్టిక్యులా’, అనగా చిన్న భాగము. ‘పార్టికల్’, ‘పార్టిక్యులేట్’ రెండును అందుండి పుట్టినవే. (మనవారు మాటిమాటికి వాడే ‘పర్టిక్యులర్’ కూడా ఆ కుదురులోనిదే!) ఆ మాట చిన్నతనమును చెప్పునే గాని పదార్థమేదో చెప్పదు. అది మన్ను కావచ్చును, మసి కావచ్చును, ద్రవబిందువు కూడా కావచ్చును. ధూళి అట్లా కాదు. గోధూళి, పాదధూళి అన్న మాటలెరిగిన తెలుగువానికి ధూళి అనగానే నేల గుర్తుకు వస్తుంది. కాళ్లక్రింద నుండి లేచి, మరల కాళ్లక్రిందికే చేరునది ధూళి.

పి.ఎం. 2.5 అని వ్యవహరించే కణముల వ్యాసము 2.5 మైక్రోమీటర్లకు మించదు. తలవెండ్రుక మందములో 20వ వంతో, అంతకన్న తక్కువో. వీనిలో మట్టి వాటా లేకపోలేదు గాని, పెక్కు కణములు మంటకు పుట్టినవి: డీజిలు, బొగ్గు, వంటచెరకు, కోత తరువాత తగులబెట్టిన గడ్డి. మరికొన్ని ఎక్కడినుండియు లేచినవే కావు. గంధక డయాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులు, అమోనియా వంటి వాయువులు గాలిలోనే మార్పు చెంది కణరూపము దాల్చినవి. వానిని ధూళి అనుట పుట్టుకనే మార్చి చెప్పుట.

ఇది కేవలము నిఘంటువుల తగవు కాదు. ధూళి అని చదివినవాడు చీపురును, నీళ్లబండిని తలచుకొంటాడు. నీళ్లు చల్లితే వీధిలోని దుమ్ము అణగును. లారీ గొట్టము నుండి వెడలునది అణగదు. ఈ కణముల సాలుసరి సగటు ఘనమీటరుకు 5 మైక్రోగ్రాములు దాటరాదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. 2009లో మన దేశము పెట్టుకొన్న హద్దు 40. ఇంత ఎడమున్నచోట, తగ్గించవలసినది దేనినో పాఠకునికి తెలియకపోతే ఎట్లా?

మనకు మాటల కరవు లేదు. నలుసు ఉన్నది, కాని నలుసు పడితే కన్ను నీరు కార్చి తోసివేస్తుంది, ఇవి ఊపిరితిత్తులకు దిగినా తెలియదు. త్రసరేణువు ఉన్నది, కిటికీ ఎండలో ఆడే ఆ రేణువును మనుస్మృతి తూనికలకు మొదటి మెట్టుగా గ్రహించినది. అదియు కంటికి కనబడునదే. వట్టి ‘కణము’ అందామా, జీవశాస్త్రమువారు దానిని ‘సెల్’కు ధారపోసినారు, రక్తకణముల ప్రక్కన తికమక తప్పదు.

కనుక మొత్తము జాతికి ‘సూక్ష్మకణములు’ అనుటే మేలని మా అభిప్రాయము. మన్ను లేచినచోట ధూళి అని నిక్షేపముగా వ్రాయవచ్చును. పొగ వచ్చినచోట పొగ అని, మసి వచ్చినచోట మసి అని వ్రాయుటకు మన విలేఖరులకు అడ్డేమున్నది?