డల్లాస్ 17 గంటలు కాదు

హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం అని నెట్‌లో కొడితే ఠక్కున జవాబొస్తుంది: 14,400 కిలోమీటర్లు, 17 గంటలు. నా గొడవ ఆ రెండో అంకెతో.

అదెలా వస్తుందో మనకి తెలుసు. ల్యాబ్‌లో హావర్‌సైన్ ఫార్ములా రాసినవాళ్లమే కదా. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు, భూమి వ్యాసార్థం 6,371 కి.మీ. ఇస్తే గోళం మీద అన్నిటికంటే దగ్గరి దారి వస్తుంది. దాన్ని గంటకి 850తో భాగిస్తే 17. లెక్కలో తప్పు లేదు. పైగా ఆ గీత భలే ఉంటుంది, పడమరకి పోకుండా నిటారుగా ఉత్తరానికి లేచి, ధ్రువానికి ఐదారొందల కిలోమీటర్ల పక్కనుంచి అవతలికి దిగుతుంది. కాకపోతే ఆ గీత మీద మనకి విమానం లేదు.

దుబాయ్ మీదుగా వేసి చూశాను. 2,550 ప్లస్ 12,900, సుమారు 15,500 కి.మీ. దూరం పెరిగింది ఏడు శాతమే. టైమ్ చూడండి: దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ ఆగడం ఇంకో 4, ఆ పైన 16. మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. మా ఖమ్మం నుంచి శంషాబాద్‌కే 4 గంటలు. అవతల ఇమిగ్రేషన్ క్యూ. 17 కాస్తా 32, 33 అయింది.

అయితే ఏంటి అంటారా? పోయినేడు ఒక మంగళవారం తెల్లారుజామున మా నాయనమ్మ పోయింది. డల్లాస్‌లో ఉన్న అక్క టికెట్ దొరికింది, బయల్దేరుతున్నానని మెసేజ్ పెట్టింది. బాబాయ్ ఫోన్‌లో 17 గంటలు చూసి, "రేపు పొద్దున్నకల్లా వచ్చేస్తుంది" అన్నాడు. ఆ మాట మీదే చుట్టాలందరికీ బుధవారం అని కబురెళ్లింది. ఐస్ బాక్స్ తెచ్చారు. అక్కకి విమానం దొరకడానికే పది గంటలు పట్టిందని ఎవరికీ తట్టలేదు. బుధవారం మధ్యాహ్నం దాకా చూసి, పొద్దుగూకక ముందే దహనం చేసేశారు. అక్క కారు రాత్రి పదకొండుకి వచ్చింది. గురువారం అని ముందే తెలిసుంటే పెద్దవాళ్లు ఆగేవాళ్లు, బాక్స్ ఉంది కదా.

బాబాయ్‌ని నేను తప్పుపట్టను. విమానమే లేని దారికి టైమ్ చూపించే ప్రోగ్రామ్‌ని తప్పుపడతాను. అది రాసేది మనలాంటివాళ్లే. డైక్‌స్ట్రా అసైన్‌మెంట్‌లో ఊళ్లు నోడ్స్, ఎడ్జ్ వెయిట్ కిలోమీటర్లు అని ఇస్తారు, మనం అలాగే చేసి మార్కులు తెచ్చుకుంటాం. వెయిట్‌గా గంటలు పెట్టాలి. నోడ్ దగ్గర ఎదురుచూపులకీ వెయిట్ ఉండాలి. వెళ్లేదానికీ వచ్చేదానికీ ఒకే విలువ పనికిరాదు, తూర్పుకి వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గంట పైనే కలిసొస్తుంది.

ఈ సెమ్ మినీ ప్రాజెక్ట్‌లో నేను అదే చేస్తున్నా. అమెరికాలో ఉన్న సీనియర్లు మీ ఇంటి గుమ్మం నుంచి రూమ్ తలుపు దాకా ఎన్ని గంటలు పట్టిందో క్లబ్ మెయిల్‌కి పంపండి. ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగారో కూడా రాయండి.